చూసిన వరుసలు, చూడని వరుసలు: పట్టిక దర్శనంపై ప్రమాణ విచారం

ఒక విషయాన్ని సంపూర్ణంగా చూడకుండా దానిపై నిర్ణయం చేయవచ్చునా అన్నది భారతీయ దర్శనాలన్నీ ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్న ప్రశ్న. జ్ఞానం ఏ మార్గాన కలుగుతుంది, కలిగిన జ్ఞానం యథార్థమని ఎలా తేలుతుంది అని విచారించేది ప్రమాణ శాస్త్రం. యథార్థ జ్ఞానానికి సాధనమైనదే ప్రమాణం. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించగా, భాట్ట మీమాంసకులు, అద్వైతులు వాటికి అర్థాపత్తిని, అనుపలబ్ధిని చేర్చి ఆరుగా లెక్కించారు. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు. ఈ ప్రాచీన విచారం నేడు కంప్యూటరు తెర మీద అతి సామాన్యమైన పని రూపంలో తిరిగి ఎదురవుతోంది. వేల, లక్షల వరుసలున్న సమాచార పట్టికను తెరిచినవారు మొట్టమొదట ఒక చిన్న ఆదేశమిచ్చి పైనున్న కొన్ని వరుసలను మాత్రమే చూస్తారు. ఆ కొన్నిటిని చూసి పట్టిక అంతా ఎలా ఉంటుందో ఊహిస్తారు. చాలాసార్లు ఆ ఊహే నిర్ణయంగా మారిపోతుంది.

హనుమకొండలోని సుబేదారి ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు. నిజాం పాలనలో వరంగల్ సుబాకు అధికారి అయిన సుబేదారు కార్యస్థానంగా పేరు పొందిన ఈ ప్రాంతంలో నేడు ఒక పక్క జిల్లా కలెక్టరేటు, మరో పక్క కాకతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఉన్నాయి. మొదటిది ప్రజల జీవితాలు పట్టికలుగా నమోదయ్యే చోటు కాగా, రెండవది శాస్త్రాలతో పాటు సమాచారాన్ని చదివే విద్యనూ యువత అభ్యసించే చోటు. కంప్యూటరు రాకముందు నుంచే తెలంగాణ రెవెన్యూ పాలన పట్టికల మీద నడిచింది: తొలి భూమి కొలతల నాటి ప్రాథమిక రికార్డు అయిన సేత్వారు, 1954-55లో తయారై నేటికీ హక్కుల వివాదాల్లో ఆధారంగా నిలుస్తున్న ఖాస్రా పహాణీ, ఆ తర్వాత ఏటేటా రాసిన పహాణీలు, అన్నీ అడ్డంగా వరుసలు, నిలువుగా గడులు గీసి నింపిన పట్టికలే. ఒక్కో వరుస ఒక్కో భూమి ముక్కకు, ఒక్కో గడి ఆ భూమి గురించిన ఒక్కో వివరానికి, అంటే సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు వంటి వాటికి కేటాయించి ఉంటుంది.

పట్టికలోని తొలి వరుసలను చూపే ఆదేశం దాదాపు ప్రతి సాధనంలోనూ ఉంది. వెస్ మెకిన్నీ 2008లో మొదలుపెట్టిన పాండాస్ అనే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషా గ్రంథాలయంలో దాని పేరు హెడ్. సంఖ్య చెప్పకపోతే అది తొలి 5 వరుసలు చూపుతుంది. గణాంక శాస్త్రజ్ఞులు వాడే ఆర్ భాషలో అదే పేరుగల ఆదేశం 6 వరుసలు, యూనిక్స్ వ్యవస్థలో 10 పంక్తులు చూపుతుంది. ఐదు, ఆరు, పది అన్న ఈ సంఖ్యలు తెర మీద సుఖంగా ఇమిడే కొలతలు మాత్రమే. ఆ కొద్ది వరుసలు చూస్తే పట్టిక స్వరూపం తెలుస్తుందన్న సిద్ధాంతం ఏదీ వాటి వెనుక లేదు. గడుల పేర్లు సరిగా వచ్చాయా, ఫైలు తెరుచుకుందా, అక్షరాలు చెదరకుండా కనిపిస్తున్నాయా అని తెలుసుకోవడానికి ఈ ఆదేశం చక్కగా పనికివస్తుంది. చిక్కంతా ఆ తర్వాతి అడుగులోనే, అంటే చూసిన కొన్నిటిని బట్టి పట్టికంతటినీ నిర్ణయించడంలోనే ఉంది.

ఆ అడుగు గురించి సంప్రదాయంలో రెండు మాటలు వినిపిస్తాయి. పైకి అవి పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. మొదటిది స్థాలీపులాక న్యాయం. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెలోని మెతుకులన్నీ పట్టి చూడనక్కర లేదు, ఒక్క మెతుకు చాలునన్న ఈ లోకన్యాయాన్ని పతంజలి మహాభాష్యం నాటి నుంచే శాస్త్రకారులు ప్రమాణంగా వాడుకున్నారు. రెండవది భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయంలో జ్ఞానాన్ని గుణాలను బట్టి మూడు విధాలుగా విభజించిన చోట వస్తుంది. అనేకంలో అవిభక్తమైన దానిని చూసే జ్ఞానం సాత్త్వికమనీ, భేదాలను మాత్రమే చూసేది రాజసమనీ చెప్పిన తర్వాత, 22వ శ్లోకం ఒక్క భాగాన్నే పట్టుకుని, అదే సమస్తమన్నట్లు, హేతువు లేకుండా దానికే అంటుకుపోయే జ్ఞానాన్ని తామసంగా నిర్ణయిస్తుంది. ఒక మెతుకుతో గిన్నెడన్నం సంగతి చెప్పవచ్చునన్న అనుమతి ఒకవైపు, భాగాన్ని సమస్తంగా తలచడం అజ్ఞానమన్న హెచ్చరిక మరొకవైపు ఉండగా, ఐదు వరుసలు చూసి పట్టికను గురించి మాట్లాడేవారు వీటిలో దేని పరిధిలోకి వస్తారన్నది ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న.

సమాధానానికి దారి గీతా వాక్యంలోనే ఉంది. భాగాన్ని చూడటం అక్కడ దోషంగా చెప్పబడలేదు. హేతువు లేకుండా భాగాన్ని సమస్తంగా గ్రహించడమే దోషం. గిన్నెలోని మెతుకుకు హేతువు ఉంది: ఒకే బియ్యం, ఒకే నీరు, ఒకే మంట, పైగా గరిటెతో కలియబెట్టడం వల్ల ఏ మెతుకు చేతికి వచ్చినా అది మిగిలిన వాటికి ప్రతినిధి కాగల స్థితి. కాబట్టి పట్టికలోని తొలి వరుసలకు అటువంటి హేతువు ఉందా లేదా అని ప్రతిసారీ విచారించవలసిందే. ఆ విచారాన్ని ప్రమాణాల క్రమంలో సాగించడం ఉచితం.

ముందుగా ప్రత్యక్షం. తెర మీద ఐదు వరుసలు కనబడినప్పుడు, చూసేవారికి కలిగే ప్రత్యక్ష జ్ఞానం ఆ ఐదు వరుసల వరకే పరిమితమని స్థూలంగా చెప్పవచ్చు గాని, ఆ ప్రత్యక్షం కూడా నిష్కళంకం కాదు. ఒక గ్రామపు భూముల పట్టికను ఉదాహరణగా తీసుకుంటే, సర్వే నంబర్ల గడిలో పైనుంచి 1, 2, 3, 4, 5 అని ఉండి, భూమి పంపకాలు జరిగిన చోట, కిందెక్కడో, 12/అ, 12/ఆ అన్న ఉపవిభాగాలు మొదలవుతాయి. పాండాస్‌లో ఫైలు మొత్తం చదివించి తొలి ఐదు వరుసలు చూడటం ఒక పద్ధతి. చదవడమే ఐదు వరుసలతో ఆపమని చెప్పడం మరొక పద్ధతి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయితే మొదటి పద్ధతిలో కంప్యూటరు కింది ఉపవిభాగాలను కూడా చదివి ఉంటుంది కాబట్టి ఆ గడిని అక్షరాల గడిగా గుర్తిస్తుంది. రెండవ పద్ధతిలో దానికి అంకెలే ఎదురయ్యాయి కాబట్టి పూర్ణ సంఖ్యల గడిగా నిర్ణయించుకుంటుంది. కంటికి కనబడిన ‘1’ ఒక్కటే అయినా, అది కూడదగిన సంఖ్యా, కేవలం ఒక పేరా అన్న విషయం చూడని వరుసల మీద ఆధారపడి ఉందన్నమాట. వస్తువు స్వరూపాన్ని నామజాత్యాదులతో కలిపి గ్రహించే జ్ఞానాన్ని నైయాయికులు సవికల్పక ప్రత్యక్షమన్నారు. దానిలో చేరే వికల్పాలు కల్పితాలేనని దిఙ్నాగుడు మొదలైన బౌద్ధ తార్కికులు వాదించారు. పట్టికల విషయంలో బౌద్ధుల హెచ్చరికకు బలమైన నిదర్శనం ఈ చిన్న గడిలోనే దొరుకుతుంది.

ఇక ‘తొలి’ అన్న విశేషణాన్ని పరిశీలించాలి. సంబంధాత్మక దత్తాంశ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్ సిద్ధాంతం ప్రకారం పట్టిక అంటే వరుసల సమితి. సమితిలో ముందు వెనుకలు ఉండవు. అందుకే ఎస్‌క్యూఎల్ భాషలో ఏ క్రమంలో పేర్చాలో చెప్పకుండా ఐదు వరుసలు ఇమ్మని అడిగితే ఏ ఐదు వస్తాయో ఆ భాష హామీ ఇవ్వదు. క్రమం చెప్పినా ఆ క్రమం చెప్పినవారిదే అవుతుంది గాని వస్తువుది కాదు. తెలంగాణలోని 33 జిల్లాల పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చితే ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం తర్వాత హనుమకొండ మూడవదిగా వచ్చి తొలి ఐదు వరుసల్లో కనిపిస్తుంది. తెలుగు వర్ణక్రమంలో పేర్చితే హైదరాబాద్‌కు ముందు, చివరి నుంచి రెండవదిగా నిలిచి పైన చూసేవారికి కనబడకుండా పోతుంది. జిల్లాలో ఏ మార్పూ లేదు, దాని వివరాల్లో ఏ మార్పూ లేదు. లిపి మారేసరికి ఒకప్పుడు అది ‘దృష్టం’, మరొకప్పుడు ‘అదృష్టం’ అయింది. సుబేదారిలో కూర్చుని రాష్ట్ర పట్టికను తెరిచే అధికారికి తన సొంత జిల్లాయే కనబడటం, కనబడకపోవడం పేర్పును బట్టి ఉన్నప్పుడు, పైన ఉన్నవి ముఖ్యమైనవన్న భావన భ్రమ అని వేరే చెప్పనక్కర లేదు.

చూసిన దాని నుంచి చూడని దానికి వెళ్లే జ్ఞానం అనుమానం. లోకంలో సందేహమన్న అర్థంలో వాడే మాటను శాస్త్రం ఇక్కడ దృఢమైన జ్ఞాన సాధనానికి పేరుగా వాడుతుంది. అనుమానానికి ప్రాణం వ్యాప్తి, అంటే హేతువు ఉన్న ప్రతిచోటా సాధ్యం, అంటే నిరూపించవలసినది, తప్పక ఉంటుందన్న నియత సంబంధం. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉంటుంది కాబట్టి పొగను చూసి నిప్పును అనుమానించవచ్చు. అయితే నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని తిప్పి చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉన్నా పొగ ఉండదు. నిప్పుకు పొగ తోడవాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఆ తడి కట్టె సంబంధం వంటి గుప్తమైన షరతునే తార్కికులు ఉపాధి అన్నారు. తర్కశాస్త్రంలో తొలి పాఠంగా దేశమంతటా చదువుకునే తర్కసంగ్రహాన్ని రచించిన 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, ఉపాధి ఉన్న హేతువును హేత్వాభాసల్లో, అంటే హేతువులా కనబడే దోషాల్లో చేర్చాడు.

పట్టికల పఠనంలో ఉపాధి ఎలా దాగి ఉంటుందో మండలాల వారీ వర్షపాతపు పట్టిక చూపిస్తుంది. జిల్లాలను అక్షరక్రమంలో పేర్చిన పట్టికలో తొలి ఐదు వరుసలూ ఆదిలాబాద్ జిల్లా మండలాలవే అవుతాయి. ఆ జిల్లాలో వర్షపాతం సహజంగానే ఎక్కువ. వాటిని చూసి రాష్ట్రమంతటా వానలు సమృద్ధిగా కురిశాయని అనుకుంటే, ఆ అనుమానానికి ఆధారం ఆదిలాబాద్ అన్న ఉపాధియే. జోగులాంబ గద్వాల వంటి తక్కువ వానల జిల్లా వరుసలు కిందెక్కడో ఉండి ఆ వ్యాప్తిని భంగపరుస్తాయి. తేదీల క్రమంలో పేర్చిన పట్టికలో పాత కాలం, విస్తీర్ణం క్రమంలో పేర్చిన పట్టికలో పెద్ద కమతాలు లేదా చిన్న కమతాలు ఇలాగే ఉపాధులవుతాయి. పేర్పు ఎవరు చేశారు, దేనిని బట్టి చేశారు అని అడగకుండా తొలి వరుసల నుంచి అనుమానం చేయడం, కట్టె తడిదో కాదో చూడకుండా పొగను నిర్ణయించడమే.

కనబడని దాని నుంచి, లేదనే జ్ఞానానికి వెళ్లడం మరింత ప్రమాదకరం. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు, కుండ కనబడకపోవడం వల్లనేనని చెప్పి ఆ కనబడకపోవడాన్ని అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా కుమారిల భట్టు సంప్రదాయం, అద్వైత వేదాంతం అంగీకరించాయి. అయితే కేవలం కనబడకపోవడం చాలదని, ఆ వస్తువే ఉండి ఉంటే తప్పక కనబడేదన్న యోగ్యత కూడా కావాలని అవి స్పష్టం చేశాయి. వెలుగున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేనట్లే, చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలనట్లే. తొలి ఐదు వరుసల్లో ఖాళీ గడి లేదు కాబట్టి పట్టికలో ఖాళీలే లేవనడం చీకటి గదిలోని అనుపలబ్ధి. ప్రతి గడిలో ఖాళీలెన్నో లెక్కించమని ఆదేశమిచ్చి, జవాబు సున్నా వస్తే, అది యోగ్యమైన అనుపలబ్ధి. అక్కడితోనూ విచారం ముగియదు: వర్షపాతపు గడిలో సున్నా ఉంటే వాన కురవలేదని అర్థమో, వర్షమాపకాన్ని ఆ రోజు ఎవరూ చూడలేదని అర్థమో, ఆ సున్నా తనంతట తాను చెప్పదు.

ఇక్కడ చార్వాకుల ఆక్షేపణ ఎదురవుతుంది. ఎన్ని పొగలను చూసినా చూడని పొగలు మిగిలే ఉంటాయి కాబట్టి వ్యాప్తి ఎన్నటికీ సిద్ధించదని వారన్నారు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ స్వతంత్రంగా ఇదే రకమైన వాదం చేశాడు. వరుసలన్నీ చదివినా రేపు చేరబోయే వరుస ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఈ ఆక్షేపణ పట్టికలకూ వర్తిస్తుంది. 14వ శతాబ్దానికి చెందిన గంగేశోపాధ్యాయుడు మొదలైన నవ్య నైయాయికులు, ఒక పొగను చూసినప్పుడే ధూమత్వమనే సామాన్యం ద్వారా సకల ధూమాలతోనూ అలౌకిక సన్నికర్షం, అంటే అసాధారణమైన ఇంద్రియ సంబంధం, కలుగుతుందని సమాధానమిచ్చారు. పట్టికలో అటువంటి సామాన్యం సులభంగా దొరకదు, ఎందుకంటే పహాణీలోని వరుసలను ఒకటిగా కలిపేది సహజమైన జాతి కాదు, ఒక కార్యాలయం వాటిని ఒకచోట రాయడమే.

చార్వాకుడికి ఆధునిక గణాంక శాస్త్రం ఇచ్చే సమాధానం వేరు. అది అనిశ్చితిని తొలగించదు, కొలుస్తుంది. తెలుగు కుటుంబంలో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, భారతీయ గణాంక సంస్థలో దశాబ్దాలపాటు పనిచేసి 2023లో కీర్తిశేషులైన కల్యంపూడి రాధాకృష్ణారావు, అనిశ్చితమైన జ్ఞానానికి ఆ అనిశ్చితి ఎంతో తెలియడం తోడైతే అది ఉపయోగకరమైన జ్ఞానమవుతుందని బోధించారు. ఈ కొలతను తొలి ఐదు వరుసలకు అన్వయించి చూడవచ్చు. పది వేల వరుసల్లో నూటికి ఒక వరుస తప్పుగా ఉందనుకుంటే, ఏ పక్షపాతమూ లేకుండా యాదృచ్ఛికంగా ఎంచిన ఐదు వరుసల్లో ఒక్క తప్పూ కనబడకపోయే సంభావ్యత దాదాపు 95 శాతం. అంటే వంద తప్పులున్న పట్టికను నూరుగురు ఇలా చూస్తే సుమారు తొంభై ఐదుగురు నిర్దోషమనే అనుకుంటారు. అదే 300 వరుసలను యాదృచ్ఛికంగా ఎంచి చూస్తే కనీసం ఒక్క తప్పయినా కనబడే సంభావ్యత 95 శాతానికి చేరుతుంది. గిన్నెను గరిటె కలియబెట్టినట్లు పట్టికను కలియబెట్టేది యాదృచ్ఛికతే. పాండాస్‌లో సాంపుల్ అన్న ఆదేశం చేసే పని అదే. తొలి వరుసల ఆదేశానికి ఆ శక్తి లేదు కాబట్టి స్థాలీపులాక న్యాయం దానికి వర్తించదు. పేర్పుతో నిమిత్తం లేకుండా తీసిన నమూనాకు, దాని పరిమాణం మేరకు, వర్తిస్తుంది.

వరుసలన్నీ చూసినా, ప్రత్యక్షానికీ అనుమానానికీ తేలని విషయం ఒకటి మిగులుతుంది. దానికి శబ్ద ప్రమాణం, అంటే విషయం తెలిసి ఉన్నదున్నట్లు చెప్పే ఆప్తుని మాట కావాలి. తెలంగాణ భూమి రికార్డుల్లో విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటల్లో రాస్తారు. నలభై గుంటలు ఒక ఎకరం. గడిలో 1.30 అని ఉంటే ఎకరం ముప్పై గుంటలని అర్థం. ఆ సంగతి తెలియని కంప్యూటరు దానిని దశాంశ సంఖ్యగా తీసుకుని, అటువంటి రెండు కమతాలను కూడి 2.60 అంటుంది, అసలు మొత్తం మూడెకరాల ఇరవై గుంటలు, అంటే 3.20. వేల వరుసలున్న గడిలో చుక్క తర్వాతి భాగం ఎక్కడా 39 దాటలేదని గమనిస్తే, ఇవి గుంటలై ఉంటాయని అనుమానించడానికి ఒక లింగం, అంటే గుర్తు, దొరుకుతుంది గాని ఐదు వరుసల్లో అది దొరకదు. దొరికినా, రికార్డు రాసే సిబ్బందినో, భూమి దున్నే రైతునో అడిగితే ఒక్క మాటలో తేలే దానికి ఊహ అవసరం లేదు. కోడు రాసేవారు పల్లె మాట వినడం ప్రమాణ శాస్త్ర దృష్టిలో మర్యాద మాత్రమే కాదు, జ్ఞానానికి అనివార్యమైన సాధనం.

ఈ విచారానికి హనుమకొండ నేల మీదనే మరొక దర్శనం తోడు నిలుస్తుంది. పద్మాక్షి గుట్ట మీద కాకతీయ రెండవ ప్రోలరాజు కాలంలో, మంత్రి బేతన భార్య మైలమ బసదిని, అంటే జైన ఆలయాన్ని, నిర్మించినట్లు 1117 నాటి శాసనం తెలుపుతుంది. ఆ బసదిలో ఆరాధనలందుకున్న జినుల మతం అనేకాంతవాదాన్ని ప్రతిపాదించింది: వస్తువుకు అనంత ధర్మాలున్నాయి, ఒక్కో దృష్టికి ఒక్కో ధర్మం గోచరిస్తుంది, కాబట్టి ప్రతి ప్రతిపాదనా ‘ఒక దృష్టితో’ అన్న పరిమితిని చెప్పుకునే పలకాలి. స్యాద్వాదమని పేరుగాంచిన ఈ నియమాన్ని పట్టికలకు అన్వయిస్తే, ‘విస్తీర్ణం గడిలో ఖాళీలు లేవు’ అన్న వాక్యం అపూర్ణం. ‘ఈ ఫైలులో, ఈ క్రమంలో, తొలి ఐదు వరుసల దృష్టితో ఖాళీలు కనబడలేదు’ అన్నది యథార్థం. రెండవ వాక్యం పొడవైనా దానిలో అసత్యం లేదు. అసత్యాన్ని పరిహరించాలన్న జైనుల వ్రతానికి అది అనుగుణంగా ఉంటుంది.

ఇంత సూక్ష్మత ఎందుకంటే, ప్రభుత్వ పట్టికలో వరుస అంటే చాలాచోట్ల ఒక మనిషి లేదా ఒక కుటుంబం. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజున జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో సుమారు కోటి కుటుంబాల వివరాలు నమోదయ్యాయి. అంతటి పట్టికలో ఐదు వరుసలంటే ఐదు కుటుంబాలు. వాటికి తండ్రి పేరు, కులం, ఇంటి రకం అన్నీ సక్రమంగా ఉన్నాయన్న కారణంతో మిగిలిన వారికీ ఉన్నాయని తలిస్తే, తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్న అనాథ, ఇంటి నంబరు లేని గుడిసెవాసి, పేరు రెండు చోట్ల రెండు విధాలుగా రాయబడిన వృద్ధురాలు ఆ తలపులో లేకుండా పోతారు. పింఛను ఆగినప్పుడు, పట్టా పాసు పుస్తకంలో పేరు తప్పినప్పుడు బాధపడేది చూడని వరుసలోని ఈ మనుషులే. గీత చెప్పిన సాత్త్విక జ్ఞానం విభజింపబడిన ప్రాణులన్నిటిలో ఒకే తత్వాన్ని చూస్తుందంటే, ఆచరణలో దానికి కనీస రూపం, కోటిలో చివరి వరుసకు కూడా మొదటి వరుసకున్నంత గౌరవం ఇవ్వడమే. అందువల్ల భాగాన్ని సమస్తంగా తలచడం తర్కంలో హేత్వాభాస అయితే ధర్మంలో అన్యాయమవుతుంది.

ఇంత చెప్పినందువల్ల తొలి వరుసలను చూడటం త్యజించవలసిన పని అని అర్థం కాదు. దానికి తగిన స్థానం న్యాయసూత్రాలే సూచిస్తాయి. ఆ సూత్రాల కర్త గౌతముడు లెక్కించిన పదహారు పదార్థాల్లో ప్రమాణ ప్రమేయాల తర్వాత మూడవది సంశయం, తొమ్మిదవది నిర్ణయం. సంశయం లేనిదే విచారం మొదలవదు, మధ్యనున్న మెట్లు ఎక్కనిదే నిర్ణయానికి చేరరు. తొలి ఐదు వరుసలు సంశయాన్ని పుట్టించడానికి ఉపకరిస్తాయి: ఈ గడి సంఖ్యా, పేరా, ఈ చుక్క దశాంశమా, గుంటలా, ఈ సున్నా లేకపోవడమా, తెలియకపోవడమా, ఈ క్రమం ఎవరిది. ఈ ప్రశ్నలు పుట్టిన తర్వాత చివరి వరుసలను చూపే ఆదేశం, యాదృచ్ఛిక నమూనా, ఖాళీల లెక్క, గడి గడికీ వేర్వేరు విలువల జాబితా, చివరగా రికార్డు రాసినవారి మాట అనే మెట్లు ఎక్కి నిర్ణయానికి చేరాలి. సుబేదారి కళాశాలలోనైనా మరెక్కడైనా పట్టికల పఠనం నేర్పే అధ్యాపకులు మొదటి పాఠంలో తొలి వరుసల ఆదేశంతో పాటు ఈ క్రమాన్నీ నేర్పడం అవసరం. కలెక్టరేటులోనైనా మరెక్కడైనా పట్టికను ఆధారం చేసుకుని ఒకరి హక్కును నిర్ణయించేవారు ఈ క్రమాన్ని పాటించడం అంతకంటే అవసరం. ఐదు వరుసలు చూసినవారు ఐదు వరుసలు చూశామని మాత్రమే చెప్పాలి. పట్టికను చూశామని చెప్పే అధికారం వారికి ఇంకా రాలేదు.